యువత మధ్య హింసను ఆపడం, దెబ్బతిన్నవారికి అండగా నిలవడం: మెట్టు తరువాత మెట్టుగా ఒక మార్గదర్శి

పాఠశాలలోనో, కళాశాలలోనో, హాస్టల్లోనో, ఆటస్థలంలోనో యువకులు కొట్టుకున్నప్పుడు పెద్దలు సాధారణంగా రెండు పనులు చేస్తారు. కొట్టినవాడిని శిక్షిస్తారు, దెబ్బతిన్నవాడిని ఇంటికి పంపిస్తారు. ఆ రెండూ అయ్యాక విషయం ముగిసిందనుకుంటారు. చాలా గొడవల్లో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఇంటికి వెళ్ళిన కుర్రవాడు అవమానాన్ని ఒంటరిగా మోస్తూ, తన తరఫున నిలబడేవాళ్ళు ఎవరూ లేరన్న నిర్ణయానికి వచ్చి, మరుసటి వారం నలుగురు మిత్రులతోనో జేబులో కత్తితోనో తిరిగి వస్తాడు. లేదా ఎవరికీ ఏమీ చెప్పకుండా చదువే మానేస్తాడు. అందుకే ఈ మార్గదర్శి నివారణను ఒకరి పనిగా, బాధితుల సహాయాన్ని మరొకరి పనిగా విడదీయదు. దెబ్బతిన్నవారిని సరిగా చూసుకోవడమే తరువాతి దెబ్బను ఆపే మొదటి మార్గమన్నది ఇందులోని ప్రతి మెట్టుకూ ఆధారం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 29 ఏళ్ళ మధ్య వయసువారి నడుమ, ఇంటి బయట జరిగే హింసను యువజన హింసగా లెక్కిస్తుంది. ఆ సంస్థ అంచనా ప్రకారం 15 నుంచి 29 ఏళ్ళ వయసువారిలో ఏటా దాదాపు 1.93 లక్షల మంది హత్యకు గురవుతున్నారు. చనిపోయేవారిలోనూ చంపేవారిలోనూ అబ్బాయిలే ఎక్కువ. హత్య దాకా వెళ్ళని కొట్లాటలు, బెదిరింపులు, లైంగిక దాడులు, ఫోన్‌లో వేధింపులు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. వాటిలో అధిక భాగం ఏ రికార్డుకూ ఎక్కవు.

మొదటి మెట్టు: జరిగినది ఏమిటో సరిగా పేరు పెట్టండి

అన్నిటినీ ‘గొడవ’ అని ఒకే మాటతో తేల్చేస్తే అన్నిటికీ ఒకే మందు వేయవలసి వస్తుంది. ఇద్దరు సమానులు కోపంలో తలపడితే అది తగాదా. ఒకరు మరొకరిని పదే పదే, కావాలని బాధపెడుతూ, అవతలివారు ఎదురు తిరగలేని స్థితిలో ఉంటే అది వేధింపు. నార్వే పరిశోధకుడు డాన్ ఓల్వియస్ వేధింపుకు చెప్పిన మూడు గుర్తులు ఇవే: ఉద్దేశం, పునరావృతం, బలాబలాల తేడా. ఆ బలం కండబలమే కానక్కరలేదు. ఒకడి వెనుక పది మంది స్నేహితులు ఉండడం, అవతలివారి రహస్యమేదో చేతిలో ఉండడం, వయసులో రెండేళ్ళు పెద్ద కావడం కూడా బలమే.

ఈ తేడా పుస్తకాల కోసం కాదు. తగాదాలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదర్చవచ్చు. వేధింపులో అదే పని చేస్తే బాధితుడు తనను భయపెట్టినవాడి ముందు మళ్ళీ తలవంచుకుని కూర్చోవలసి వస్తుంది. ‘చెయ్యి కలపండి’ అని పెద్దలు అనగానే కలుపుతాడు, బయటికి వచ్చాక దానికి మూల్యం చెల్లిస్తాడు. ప్రేమ పేరుతో జరిగే హింసకూ ఇదే వర్తిస్తుంది. ఫోన్ లాక్కుని చూడడం, ఎవరితో మాట్లాడాలో నిర్ణయించడం, విడిపోతానంటే చచ్చిపోతానని బెదిరించడం, మెడ పట్టుకోవడం ఇద్దరి మధ్య మనస్పర్థలు కావు, ఒకరు మరొకరిపై సాగించే అదుపు. వాటిని రాజీ బల్ల మీదికి తీసుకురాకండి. ‘ఆ వయసులో ఇవన్నీ మామూలే’ అన్న మాట వినపడిన ప్రతిచోటా ఏదో ఒక ఫిర్యాదు గొంతులోనే ఆగిపోయిందని నేను అనుమానిస్తాను.

రెండవ మెట్టు: ఎక్కడ, ఎప్పుడు జరుగుతోందో పటం గీయండి

హింస అన్ని చోట్లా, అన్ని వేళలా సమానంగా జరగదు. మరుగుదొడ్ల వెనుక గోడ, మెట్ల మలుపు, బస్సులో చివరి సీట్లు, తరగతులు ముగిసిన తరువాతి అరగంట, ఆట ఓడిపోయిన సాయంత్రం వంటి కొన్ని చోట్లలో, కొన్ని వేళల్లో అది పోగవుతుంది. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే ముఖ శస్త్రచికిత్స నిపుణుడు తన దగ్గరికి దెబ్బలతో వచ్చే రోగుల్లో చాలామంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదని గమనించారు. అత్యవసర విభాగంలో రోగుల పేర్లు లేకుండా దాడి జరిగిన స్థలం, సమయం, వాడిన ఆయుధం మాత్రమే అడిగి నమోదు చేసి, ఆ వివరాలను పోలీసులకూ నగరపాలనకూ అందించే పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, పోల్చి చూసిన ఇతర నగరాలకంటే కార్డిఫ్‌లో ఆసుపత్రిలో చేర్చవలసినంత గాయాలు 42 శాతం మేర తక్కువగా నమోదయ్యాయి.

ఇదే పనిని మీరు ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టవచ్చు. తేదీ, వేళ, చోటు, ఏం జరిగింది, దేనితో మొదలైంది, వస్తువేదైనా వాడారా అన్న ఆరు గడులు చాలు. ఈ పుస్తకంలో పేర్లు రాయకండి. పేర్లు రాసిన రోజున అది పటం కాకుండా నేరస్థుల జాబితా అవుతుంది, ఆ తరువాత మీకు ఎవరూ నిజం చెప్పరు. దీనికి తోడు, మీ ఆవరణ నమూనాను కాగితం మీద గీసి విద్యార్థులకు ఇచ్చి, భయం వేసే చోట్లకు ఎర్రరంగు వేయమనండి, తాము కావాలని తప్పించుకుని తిరిగే దారులను గీతతో చూపించమనండి. కాగితాల మీద పేర్లు వద్దని ముందే చెప్పండి. అమ్మాయిల పటాలు, అబ్బాయిల పటాలు, కొత్తగా చేరినవారి పటాలు విడివిడిగా చూస్తే ఒకే ఆవరణలో మూడు వేర్వేరు ఊళ్ళు ఉన్నట్టు కనిపిస్తుంది.

పటం తేలాక చేయవలసిన మార్పులు చాలావరకు చిన్నవే. దీపం లేనిచోట దీపం పెట్టడం, రెండు బృందాలు ఒకే ఇరుకు దారిలో ఎదురుపడకుండా వేళలు మార్చడం, ఎర్రరంగు పడిన చోట ఒక పెద్దమనిషి ఊరకే నిలబడి పిల్లలను పేరు పెట్టి పలకరించడం ఇలాంటివే. కెమెరాలకు డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ మూడూ చేయండి.

మూడవ మెట్టు: కోపానికీ చేతికీ మధ్య ఖాళీని నేర్పండి

యువకుల మధ్య తీవ్రమైన గాయాలకు దారితీసే గొడవల్లో చాలావాటికి ముందస్తు పథకం ఉండదు. ఒక చూపు, ఒక మాట, భుజం తగలడం, గుంపు ముందు నవ్వు, ఆ తరువాత పది సెకన్లు. ఆ పది సెకన్లలో మనిషి ఆలోచించడు, అలవాటైనదే చేస్తాడు. కాబట్టి ఉపన్యాసం పనిచేయదు, అలవాటు మార్చాలి.

చికాగోలో యువకుల కోసం నడిచే ఒక కార్యక్రమంలో మొదట ఆడించే ఆట ఒకటి ఉంది. ఇద్దరిలో ఒకరికి బంతి ఇచ్చి, దాన్ని 30 సెకన్లలో అతని చేతిలోంచి తీసుకోమని రెండవవారికి చెబుతారు. దాదాపు అందరూ వేళ్ళు విరిచినంత పని చేస్తారు, కలబడతారు. ఆట ముగిశాక ‘బంతి ఇమ్మని ఎవరైనా అడిగారా?’ అని ప్రశ్నిస్తారు. అడిగి ఉంటే ఇచ్చేవాడివా అని బంతి పట్టుకున్నవాణ్ణి అడిగితే, ‘ఇచ్చేవాణ్ణే, అది బంతే కదా’ అంటాడు. అవతలివాడి మనసులో ఏముందో మనమే ఊహించుకుని ఆ ఊహ మీద చెయ్యి చేసుకుంటామన్న సంగతి గంట ఉపన్యాసంకంటే ఈ ఆటలో బాగా అర్థమవుతుంది. ఈ కార్యక్రమాన్ని యాదృచ్ఛిక ఎంపికతో పరీక్షించినప్పుడు, అది నడిచినంత కాలం పాల్గొన్నవారిలో హింసాత్మక నేరాల అరెస్టులు సుమారు 45 నుంచి 50 శాతం తగ్గాయి. ‘నడిచినంత కాలం’ అన్న మాటను గమనించండి. ఒక్క శిబిరంతో సరిపెట్టుకునే పని కాదిది.

మీ పద్ధతి ఇలా ఉండవచ్చు. వారానికి ఒక గంట చొప్పున కనీసం ఒక విద్యా సంవత్సరం పాటు, 10 నుంచి 12 మంది చిన్న బృందంతో, వారి జీవితంలో నిజంగా ఎదురయ్యే సన్నివేశాలను నటింపజేయండి. తిట్టినవాడికి ఏం బదులు చెప్పాలి, పరువు పోకుండా ఎలా పక్కకు తప్పుకోవాలి, స్నేహితుడు ‘నువ్వు మగాడివేనా’ అని రెచ్చగొడితే ఏమనాలి అన్నవి వారి నోటితోనే, వారి భాషలోనే తయారు కావాలి. మీరు రాసి ఇచ్చిన మర్యాద వాక్యాలను వాళ్ళు వీధిలో వాడరు. అబ్బాయిల జట్లలో ఈ మాటలను కోచ్ చెబితే ఎక్కువ చెల్లుతాయి. అమ్మాయిలపై హింసను చూసి ఊరుకోకూడదని ఆటల కోచ్‌లు తమ జట్లకు నేర్పే కార్యక్రమాన్ని అమెరికాలో పరీక్షించి చూశారు, అలాంటి దుష్ప్రవర్తనను చూసినప్పుడు అడ్డుకునే అలవాటు ఆటగాళ్ళలో పెరిగినట్టు 2012లో ఫలితాలు వచ్చాయి.

చేయకూడనిది ఒకటి ఖచ్చితంగా చెప్పాలి. దారి తప్పుతున్న పిల్లలను జైలుకు తీసుకువెళ్ళి ఖైదీల చేత భయపెట్టించడం చూడడానికి తెలివైన ఉపాయంలా కనిపిస్తుంది. 1970లలో అమెరికాలో ఇది ఎంతో పేరు తెచ్చుకుంది. తరువాత జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి సమీక్షిస్తే, అలా వెళ్ళినవారు వెళ్ళనివారికంటే ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది. భయం నేర్పే పాఠం బలవంతుడే గెలుస్తాడన్నది, అది వాళ్ళకు ముందే తెలుసు.

నాలుగవ మెట్టు: చుట్టూ నిలబడినవారిని కదిలించండి

గొడవలో ఇద్దరే ఉన్నారనుకోవడం పొరపాటు. ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టీనా సల్మివల్లి 1996లో వేధింపు చుట్టూ ఉండే పాత్రలను వేరుచేసి చూపించారు: మొదలుపెట్టేవారు, చేయి కలిపేవారు, నవ్వుతూ ఊతమిచ్చేవారు, పక్కకు తప్పుకునేవారు, బాధితుణ్ణి వెనకేసుకొచ్చేవారు, బాధితులు. వీరిలో నవ్వేవారూ తప్పుకునేవారూ మనకు చాలా ముఖ్యం. ఎందుకంటే వేధించేవాడికి కావలసింది సభ. సభ లేచిపోతే నాటకం సాగదు. కెనడాలో ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి పరిశీలించిన అధ్యయనం 2001లో వెలువడింది. తోటి పిల్లలు జోక్యం చేసుకున్న సందర్భాల్లో సగానికి పైగా వేధింపు 10 సెకన్లలోపే ఆగిపోయింది.

అయితే ‘ఎదిరించండి’ అని మాత్రమే చెబితే బలహీనులకూ బిడియస్థులకూ అది పనికిరాని సలహా, ఒక్కోసారి ప్రమాదకరం కూడా. వారికి ఐదు దారులు చూపించండి, ఎవరికి తగినది వారు ఎంచుకుంటారు. దృష్టి మళ్ళించడం మొదటిది: ‘నిన్ను సార్ పిలుస్తున్నారు’ అని బాధితుణ్ణి అక్కడినుంచి తప్పించడం. పెద్దలకో, ఇద్దరిలో ఒకరి మీద పలుకుబడి ఉన్న సీనియర్‌కో చెప్పడం రెండవది. సాక్ష్యం కోసం రికార్డు చేయడం మూడవది, కానీ అప్పటికే ఎవరో ఒకరు సహాయం చేస్తున్నప్పుడు మాత్రమే. ఆ వీడియో బాధితుడి చేతికి వెళ్ళాలి, గ్రూపుల్లోకి కాదు. తరువాత వెళ్ళి ‘నేను చూశాను, అది తప్పు, నీకేం కావాలి?’ అని అడగడం నాలుగవది. నేరుగా ‘ఆపు’ అని చెప్పడం ఐదవది, అదీ ఆయుధం లేదని, తనకు ప్రమాదం లేదని నమ్మకం ఉంటేనే. నాలుగవ దారి అన్నిటికంటే తేలికైనది, అందరూ మరచిపోయేది. దెబ్బలకంటే అంతమంది చూస్తూ నిలబడడమే ఎక్కువ నొప్పించిందని చెప్పే బాధితులు ఎందరో.

ఐదవ మెట్టు: గొడవ కళ్ళముందు రగులుతున్నప్పుడు

ముందు గుంపును చెదరగొట్టండి, తరువాత ఇద్దరినీ విడదీయండి. చూసేవారు ఉన్నంతసేపు వెనక్కి తగ్గడం ఇద్దరికీ అవమానమే. గొంతు తగ్గించి, చేతులు కనబడేలా ఉంచి, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, రెండు చేతుల దూరంలో నిలబడి పేరు పెట్టి పిలవండి. చిన్న వాక్యాలు చాలు: ‘రమేష్, నాతో రా, అక్కడ మాట్లాడుకుందాం.’ తప్పెవరిదని ఆ క్షణంలో తేల్చకండి, భుజం మీద చెయ్యి వేయకండి, దారికి అడ్డంగా నిలబడకండి. వెళ్ళిపోవడానికి గౌరవంగా ఒక దారి దొరికితే చాలామంది వెళ్ళిపోతారు. ఆయుధం కనిపిస్తే మీ పని మిగతావారిని దూరం జరిపి అత్యవసర సహాయాన్ని పిలవడమే.

ఆరవ మెట్టు: మొదటి గంటలో దెబ్బతిన్నవారికి చేయవలసినవి

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా, ఆపకుండా అదిమి పట్టండి. ఒంట్లో దిగిన వస్తువును బయటికి లాగకండి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, తికమక మాటలు, కాసేపు స్పృహ తప్పడం వంటివి ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మెడ నొక్కిన సంఘటన ఏదైనా సరే, బయటికి ఒక్క గీత కనిపించకపోయినా వైద్యుడు చూడవలసిందే, ఎందుకంటే లోపలి వాపు గంటల తరువాత ఊపిరి ఆడకుండా చేయగలదు. ఇంకొక కారణమూ ఉంది. జీవిత భాగస్వామి లేదా ప్రేమికుడు గతంలో మెడ నొక్కిన స్త్రీలు అతని చేతిలో హత్యకు గురయ్యే ముప్పు సుమారు ఏడు రెట్లు ఎక్కువని 2008లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. ‘పట్టుకున్నాడంతే’ అన్న మాటను దాటవేయకండి, మెడనా అని అడగండి.

లైంగిక దాడి జరిగితే కాలం చాలా విలువైనది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా వాడే అత్యవసర మాత్రలు 5 రోజుల్లోపు పనిచేస్తాయి, అవి కూడా ఆలస్యమైనకొద్దీ బలహీనపడతాయి. వైద్య పరీక్షకు ముందు స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఉంటే ఆధారాలు నిలుస్తాయి. విడిచిన బట్టలను ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు సంచిలో పెట్టాలి, లేకపోతే తేమకు పాడవుతాయి. ఇప్పటికే స్నానం చేసి ఉంటే దాని గురించి ఒక్క మాట కూడా అనకండి, వైద్యం అప్పటికీ అవసరమే. పరీక్షకు ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం బాధితురాలిదేనని, ఏ దశలోనైనా ఆపమనవచ్చని చెప్పండి.

కమిలిన గాయాలు రెండు మూడు రోజులకు గాని పూర్తిగా బయటపడవు. కాబట్టి బాధితుల అనుమతితో మొదటి రోజు, మూడవ రోజు, వారం తరువాత ఫొటోలు తీయించి తేదీతో దాచండి. ఫోన్‌లో వచ్చిన బెదిరింపులను కోపంతో తుడిచేయకుండా, పంపినవారి ఖాతా పేరు, తేదీ, వేళ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. అంతరంగిక చిత్రాలు బయటికి పొక్కితే, ముఖ్యంగా అవి 18 ఏళ్ళలోపు వారివైతే, ఆధారమనుకుంటూ మీరు వాటిని కాపీ చేయకండి, ఎవరికీ పంపకండి. అది కనిపించిన లింకును మాత్రం రాసుకుని అధికారులకు ఇవ్వండి. పెద్దవారి చిత్రాల వ్యాప్తిని అడ్డుకోవడానికి ‘స్టాప్ ఎన్‌సీఐఐ’, 18 ఏళ్ళలోపు చిత్రాల విషయంలో ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవలు ఉన్నాయి. వీటిలో చిత్రం ఎవరి దగ్గరికీ వెళ్ళదు; మీ ఫోన్‌లోనే దానికి ఒక అంకెల ముద్ర తయారై, ఆ ముద్ర మాత్రమే సేవలో చేరిన సామాజిక మాధ్యమాలకు అందుతుంది.

ఏడవ మెట్టు: వినండి, విచారణ చేయకండి

మొదటిసారి నోరు విప్పినప్పుడు వినేవారి ముఖంలో కనిపించినదే బాధితుడు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకం ఈ పనిని మూడు మాటల్లో పెట్టింది: గమనించడం, వినడం, జోడించడం. అతను సురక్షితంగా ఉన్నాడా, ఏమైనా తిన్నాడా, చలికి వణుకుతున్నాడా అని గమనించాలి. అతను చెప్పినంత మేరకే వినాలి. తరువాత అతనికి అవసరమైన మనిషితో, సేవతో జోడించాలి. జరిగినదంతా ఆ రాత్రే కక్కించేస్తే మనసు తేలికవుతుందన్న నమ్మకం సరికాదు. ఘటన జరిగిన వెంటనే బలవంతంగా అంతా తిరిగి చెప్పించే ఒక్క విడత సమావేశాలు మేలు చేయవని, కొందరికి హాని కూడా చేస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి.

మానవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘అక్కడికి ఎందుకు వెళ్ళావు?’, ‘ఎందుకు అరవలేదు?’, ‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?’ అనే మూడు ప్రశ్నలూ పుండు మీద కారమే. అరవకపోవడానికి కారణం ఒంట్లోనే ఉంది. తీవ్రమైన భయంలో పారిపోవడం, తిరగబడడం ఎంత సహజమో కొయ్యబారిపోవడమూ అంతే సహజం. కాళ్ళూ చేతులూ గొంతూ మాట వినవు. జ్ఞాపకం ముక్కలుగా ఉండడం, వరుస తప్పడం, ఒక వాసనో ఒక చొక్కా రంగో స్పష్టంగా గుర్తుండి వేళ గుర్తు లేకపోవడం కూడా భయం చేసే పనే, అబద్ధానికి గుర్తు కాదు. నవ్వుతూ చెప్పే బాధితులు ఉంటారు, ఏమీ జరగనట్టు భోజనం చేసేవారు ఉంటారు. ఏడిస్తేనే నమ్ముతామన్నట్టు చూడకండి.

వీటి బదులు ‘చెప్పినందుకు మంచిది, నీ తప్పు లేదు, ఇప్పుడు నీకు దేనికి ఎక్కువ భయంగా ఉంది?’ అని అడగండి. ఆఖరి ప్రశ్న చాలా ఉపయోగపడుతుంది, ఎందుకంటే మీరు ఊహించే భయం, అతని భయం తరచుగా వేర్వేరు. మీరు కేసు గురించి ఆలోచిస్తుంటే అతను రేపు ఉదయం బస్సు ఎలా ఎక్కాలని ఆలోచిస్తుంటాడు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. ప్రాణానికి ముప్పు ఉంటే, బాధితులు పిల్లలైతే మీరు చెప్పవలసి వస్తుంది; ఎవరికి, ఎంత, ఎప్పుడు చెబుతారో అతనికి ముందుగా తెలియాలి. అబ్బాయిలపై జరిగిన లైంగిక దాడి విషయంలో ఈ మెట్టును రెండు రెట్లు జాగ్రత్తతో ఎక్కండి. వాళ్ళు ‘కొట్టారు’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు.

ఎనిమిదవ మెట్టు: పగకు దారి తీయకముందే వెళ్ళండి

గాయపడినవాడి మంచం చుట్టూ చేరిన స్నేహితులు ఏం మాట్లాడుకుంటున్నారో వైద్యులకు తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. ‘వాడి సంగతి మేం చూసుకుంటాం’ అన్న మాట అక్కడే పుడుతుంది. అంటువ్యాధుల నిపుణుడు గ్యారీ స్లట్‌కిన్ 2000లో చికాగోలో ప్రారంభించిన కార్యక్రమం ఈ గమనింపు మీదే నిలబడింది. హింస ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి, తదుపరి సోకబోయేవాడు ఎవరో కనిపెట్టి వాడి దగ్గరికి ముందుగా వెళ్ళాలన్నది ఆ ఆలోచన. వెళ్ళేవారు అధికారులు కారు, ఆ కుర్రవాళ్ళు నమ్మే మనుషులు, వారిలో చాలామంది ఒకప్పుడు అదే దారిలో నడిచినవారు.

మీ స్థాయిలో దీన్ని ఇలా చేయవచ్చు. ఘటన జరిగిన రోజే ‘దీనికి బదులు తీర్చుకోవాలని ఎవరికి అనిపిస్తుంది?’ అని మీలో మీరు ప్రశ్నించుకుని ముగ్గురు నలుగురి పేర్లు అనుకోండి: అన్న, ప్రాణస్నేహితుడు, జట్టు నాయకుడు. వారి మాట వినే పెద్దవాణ్ణి వారి దగ్గరికి పంపండి. ‘ఏమీ చేయకండి’ అని కాదు, ‘ఫిర్యాదు ఇచ్చాం, ఫలానా రోజు ఫలానా పని జరుగుతుంది, వాడికి మీరు ఇప్పుడు తోడుగా కావాలి’ అని చెప్పించండి. కోపానికి చేతినిండా వేరే పని ఇవ్వాలి: ఆసుపత్రిలో వంతులవారీగా కూర్చోవడం, నోట్సు రాసిపెట్టడం, ఇంటిదాకా దిగబెట్టడం. ఏ చర్యా కనబడకపోతే యువకులు తమ చర్య తాము మొదలుపెడతారు, కాబట్టి మొదటి వారంలో రోజుకొక్కసారైనా ఏం జరుగుతోందో వారికి తెలియజేయండి.

తొమ్మిదవ మెట్టు: ఫిర్యాదు, విచారణ, హక్కులు

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1985 నవంబరులో నేర బాధితుల న్యాయానికి సంబంధించిన ప్రాథమిక సూత్రాల ప్రకటనను ఆమోదించింది. బాధితులను గౌరవంగా, సానుభూతితో చూడాలని, కేసు ఎక్కడిదాకా వచ్చిందో వారికి తెలపాలని, వారి అభిప్రాయాలను తగిన దశల్లో వినాలని, బెదిరింపులనుంచి కాపాడాలని, నష్టపరిహారానికి దారి చూపాలని అందులో ఉంది. బాల బాధితులకూ బాల సాక్షులకూ 2005లో ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. పిల్లలను ఎన్నిసార్లు ప్రశ్నిస్తే అన్నిసార్లు ఆ ఘటనలోకి తోసినట్టే కాబట్టి ఆ సంఖ్యను వీలైనంత తగ్గించాలని వాటి ఉద్దేశం.

మీరు చేయవలసినది తోడుగా వెళ్ళడం. వెళ్ళేముందు జరిగినదాన్ని బాధితుడి మాటల్లోనే ఒకసారి రాయించి పెట్టండి, మీ మాటలు కలపకండి. ఎవరు ఏం అడగవచ్చో, ఎంతసేపు పట్టవచ్చో, ఎక్కడ కూర్చోవలసి వస్తుందో ముందే చెప్పండి. నిందితుడు ఉన్న వరండాలో అతన్ని వేచి ఉంచకండి. ఫిర్యాదు నకలు, నమోదు సంఖ్య, తరువాత మాట్లాడవలసిన అధికారి వివరాలు తీసుకోకుండా తిరిగి రాకండి. ఫిర్యాదు ఇవ్వడం ఇష్టం లేని వయోజనుణ్ణి బలవంతం చేయకండి. ఆధారాలు భద్రంగా ఉంటే మనసు తరువాత మారినా దారి తెరిచే ఉంటుంది.

పదవ మెట్టు: వారాలు, నెలలు

మొదటి వారాల్లో పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి, చిరాకు చాలామందిలో కనిపించి నెమ్మదిగా తగ్గుతాయి. నెల దాటినా అవి తగ్గకపోతే, ఘటన కళ్ళముందే మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టు ఉంటే, ఆ చోట్లనూ మనుషులనూ తప్పించుకు తిరుగుతుంటే నిపుణుల చికిత్స అవసరం. ఈ స్థితికి మంచి ఫలితాలిచ్చే మానసిక చికిత్సలు ఉన్నాయి. ఆత్మహత్య ఆలోచన ఉందేమో సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.

సంస్థలు ఈ దశలో చేసే అన్యాయం ఒకటుంది. బాధితుడి ‘మంచి కోసం’ అతని గదిని మారుస్తారు, సెక్షన్ మారుస్తారు, కొన్నాళ్ళు ఇంట్లో ఉండమంటారు. చూసేవారికి శిక్ష పడింది ఎవరికో స్పష్టంగానే అర్థమవుతుంది. మారవలసి వస్తే కొట్టినవాడు మారాలి. బాధితుడు తానే మార్పు కోరుకుంటే అది వేరు. హాజరు, పరీక్షలు, గడువుల విషయంలో సడలింపు అతను అర్జీ పెట్టుకోకముందే ఇవ్వండి.

కొట్టినవాణ్ణి వదిలేయమని దీని అర్థం కాదు, తరిమేయమని కూడా కాదు. అతను ఒకప్పుడు ఎక్కడో బాధితుడై ఉండే అవకాశం బాగా ఎక్కువ. గ్లాస్గో పరిసరాల్లో 2005లో పోలీసులు హింస తగ్గింపు విభాగాన్ని నెలకొల్పినప్పుడు అరెస్టులతో పాటు చదువు, ఉద్యోగం, మత్తునుంచి విడుదల కూడా అందులో భాగమయ్యాయి. బాధితుడూ బాధ్యుడూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే పద్ధతి 1974లో కెనడాలోని కిచెనర్‌లో మొదలై చాలా దేశాలకు పాకింది. దీన్ని వాడాలంటే బాధితుడు స్వేచ్ఛగా కోరాలి, బాధ్యుడు తప్పు ఒప్పుకుని ఉండాలి, ఇద్దరితో విడివిడిగా ముందస్తు సమావేశాలు జరగాలి, శిక్షణ పొందినవారు నడపాలి. ఒక్కటి లోపించినా ఆ సమావేశం పెట్టకండి.

ఈ పనిలో ఉన్నవారికి నిద్ర చెడుతుంది, విన్న కథలు వెంటాడుతాయి. ఇద్దరు కలిసి పనిచేయండి, వారానికొకసారి ఒకరి బరువు ఒకరితో పంచుకోండి.

పురోగతిని ఫిర్యాదుల సంఖ్యతో కొలవకండి, నమ్మకం పెరిగితే మొదట ఫిర్యాదులూ పెరుగుతాయి. ఆరు నెలల తరువాత రెండవ మెట్టులో గీయించిన పటాన్నే మళ్ళీ గీయించి, ఎర్రరంగు ఎక్కడ తగ్గిందో, ఎక్కడికి జరిగిందో చూడండి. దెబ్బతిన్న కుర్రవాణ్ణో అమ్మాయినో విడిగా కలిసి ‘ఇప్పుడు ఇంటికి ఏ దారిలో వెళ్తున్నావు?’ అని అడగండి. ఇంకా చుట్టుదారిలోనే వెళ్తున్నానంటే ఆ దారిలో ఒకసారి వాళ్ళతో కలిసి నడవండి, అక్కడినుంచి పని మళ్ళీ మొదలుపెట్టండి.